బ్రిడ్జ్‌నెస్ రాయి: అసలు ఒక ఊళ్లో, నకలు ఒక ఊళ్లో

స్కాట్లాండ్‌లో ఈ రోమన్ శాసనాన్ని చూడాలంటే రెండు చోట్లకి తిరగాలి. 1868లో బోనెస్ ఊరి బ్రిడ్జ్‌నెస్‌లో బయటపడిన అసలు రాయి ఎడిన్‌బరా నేషనల్ మ్యూజియంలో ఉంది. దొరికిన ఊళ్లో మిగిలింది నకలే.

ముందు మ్యూజియానికే వెళ్లాం. టికెట్ అక్కర్లేదు. రాయి కింది అంతస్తులో ఉంది. పొడవు తొమ్మిది అడుగులు దాటుతుంది, ఒకే ఇసుకరాయి పలక. నడుమ శాసనం: చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ పేరిట రెండో ఆగస్టా లీజియన్ అనే రోమన్ సేనాదళం 4,652 అడుగుజంటల మేర ఆంటోనైన్ గోడ, అంటే రోమన్ల సరిహద్దు గోడ, కట్టింది అని. కుడి, ఎడమ కాళ్లు రెండూ పడితే రోమన్లకి ఒక లెక్క, అలాంటివి వెయ్యి అయితే మైలు. మన మైలురాయిలో మైలు ఆ లాటిన్ 'వెయ్యి' నుంచి వచ్చిందే. నాలుగుని పాలవాడు గోడ మీద గీసినట్టు నాలుగు నిలువు గీతలు చెక్కారు. ఇంత పెద్ద రాయి చెక్కించి, చివరి రెండు అడుగుజంటల్ని కూడా వదల్లేదు మహానుభావులు!

ఎడమ వైపు రోమన్ రౌతు గుర్రంతో స్థానికుల్ని తొక్కించుకుంటూ పోతున్నాడు. ఒకడికి తల లేదు, తెగిన తల పక్కనే ఉంది. ఒకప్పుడు ఈ రాతికి ఎరుపు, పసుపు రంగులు వేశారని పరిశోధకులు తేల్చారు. ఆ తల దగ్గర ఎరుపు ఊహించుకుంటే ఒళ్లు జలదరించింది. కుడి వైపు బలికి తెచ్చిన ఎద్దు, గొర్రె, పంది. మా ఆవిడ మాత్రం గుర్రాన్నే చూస్తూ నిలబడింది.

మర్నాడు లిన్లిత్‌గో దాకా రైలు, అక్కణ్ణుంచి బోనెస్‌కి బస్సు. ఆదివారం వెళ్లడం మా తప్పు, చలిగాలిలో బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డాం. కిన్నింగార్స్ పార్కు అంచున 2012లో పెట్టిన నకలు ఉంది. నకలే కదా అని ముఖం ముడుచుకున్నాను కానీ, ఇటు రాకపోతే ఒక సంగతి తెలిసేది కాదు. ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోటు ఎదురుగా కనిపిస్తుంది. క్రీ.శ. 142లో మొదలైన, సుమారు 60 కిలోమీటర్ల ఆంటోనైన్ గోడకి తూర్పు కొస ఈ చుట్టుపక్కలే. పడవ దిగేవాడికి మొదట కనబడేలా ఇంత పెద్ద రాయి పెట్టారేమో అనిపించింది. ఊళ్లోని ఆవిరి రైలు అన్ని రోజులూ తిరగదు, ముందే కనుక్కోండి.

గోడ ఆనవాళ్ల కోసమైతే ఫాల్కిర్క్ దగ్గరి రఫ్ కాజిల్ మేలు. గోడ రాతిది కాదు, పచ్చిక గడ్డలతో పేర్చింది. అందుకే మిగిలింది గట్టు, కందకం, శత్రువులు పడేందుకు తవ్విన గుంతలే. బూట్లు బురదవుతాయి.

బస మాత్రం ఎడిన్‌బరాలో వద్దు. మేం దిగిన చోట లిఫ్ట్ లేదు, మూడంతస్తులు సూట్‌కేసులు మోశాం, గీజరు మొరాయించింది. ఆగస్టులో ఉత్సవాల వల్ల అద్దెలు ఇంకా మండిపోతాయి. ఈసారి వెళ్తే లిన్లిత్‌గోలో దిగుతాం. రైలుకీ బస్సుకీ రెంటికీ అదే దగ్గర.