స్పైరులినానా, క్లోరెల్లానా? నేను ముందు చూసేది పోషకాల పట్టిక కాదు

"స్పైరులినా మంచిదా, క్లోరెల్లా మంచిదా, ఒక్క మాటలో చెప్పు" అని ఈ నెలలోనే నలుగురు అడిగారు. రెండూ నీళ్లలో పెంచి, ఎండబెట్టి, పొడిగానో మాత్రలుగానో అమ్మే నాచులాంటి సూక్ష్మజీవులు. ఒక్క మాటలో తేలేది కాదని నలుగురికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టి విసుగొచ్చి, ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. ఈమధ్యే నేనూ ఈ రెంటి మధ్య ఊగిసలాడి ఒక డబ్బా కొన్నాను కాబట్టి విషయం ఇంకా తాజాగానే ఉంది.

ముందు ప్రొటీన్ గోల వదిలించుకుందాం. 100 గ్రాముల ఎండు స్పైరులినాలో దాదాపు 57 గ్రాముల ప్రొటీన్, 28 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటాయి, అబద్ధమేం లేదు. ప్రొటీన్ విషయంలో క్లోరెల్లా కూడా ఇంచుమించు అదే బాపతు. కానీ 100 గ్రాములు ఎవరు తింటారండీ? అరగ్రాము మాత్రలు రోజుకి ఆరు మింగితే 3 గ్రాములు, అంటే ప్రొటీన్ రెండు గ్రాములు కూడా రాదు, ఒక్క గుడ్డులోనే ఆరు ఉంటుంది. ఐరన్ ఒక మిల్లీగ్రాము లోపే. ఐరన్ తక్కువై రక్తహీనత వచ్చిందని డాక్టర్ చెబితే ఐరన్ మాత్ర వేసుకోండి, నాచు మాత్ర కాదు.

మరి దేనికి పనికొస్తాయంటే, చెడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, బీపీ కొంచెం తగ్గినట్టు స్పైరులినా మీద చేసిన చాలా ప్రయోగాల్లో కనబడింది. అవన్నీ చిన్నవి, కొన్ని వారాలో నెలలో సాగినవి, కాబట్టి వేసుకుంటున్న మందు ఆపేసి దీన్ని పట్టుకునేంత సీన్ లేదు. రోజుకి 2 గ్రాములు తీసుకున్నవాళ్లలో అలర్జీ జలుబు, తుమ్ములు తగ్గాయని చెప్పే ప్రయోగం కూడా ఒకటుంది. కొలెస్ట్రాల్ విషయంలో క్లోరెల్లా మీదా ఇలాంటి ఫలితాలు వచ్చాయి గానీ, దాన్ని చాలామంది కొనేది 'డీటాక్స్', అంటే ఒంట్లోని విషాలు కడిగేస్తుందన్న మాట చూసి. ఆ మాట వినగానే నాకు అనుమానం మొదలవుతుంది. పైగా క్లోరెల్లా కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది, దాన్ని పగలగొట్టకుండా మాత్ర చేస్తే సరిగ్గా అరగదు. స్పైరులినాతో ఆ తంటా లేదు, ఎందుకంటే అది అసలు నాచే కాదు, సయనోబ్యాక్టీరియా అనే ఒక రకం బ్యాక్టీరియా.

బీ12 కోసం స్పైరులినా కొనేవాళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. అందులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని నకిలీ రూపం. 1991లో నెదర్లాండ్స్ పరిశోధకులు బీ12 లోపం ఉన్న పిల్లలకు స్పైరులినా, నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) లాంటివి పెట్టి చూశారు. రక్తంలో బీ12 అంకె పెరిగింది గానీ ఎర్ర రక్తకణాలు బాగుపడకపోగా పరిస్థితి ఇంకా దిగజారింది. లోపం అలాగే ఉండి రిపోర్టు మాత్రం బాగుండటం కంటే ప్రమాదం ఏముంటుంది? కొన్ని క్లోరెల్లాల్లో పనికొచ్చే బీ12 ఉంటుంది గానీ ఎలా పెంచారన్నదాన్ని బట్టి మారిపోతుంది, నమ్ముకుని కూర్చోలేం. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్లు బీ12 మాత్రే వేసుకోవడం మేలు.

ఇక నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ డబ్బాలోది ఏ నీళ్లలో పెరిగింది? స్పైరులినా తనంతట తాను మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేయదు. కానీ ఆరుబయట చెరువులో పెంచేటప్పుడు ఆ విషాన్ని చేసే వేరే రకం పక్కనే మొలిస్తే, రెండూ కలిసి ఎండి పొడి అయిపోతాయి. అది దెబ్బకొట్టేది కాలేయాన్ని, మరిగించినా పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోజుకి కిలో బరువుకి 0.04 మైక్రోగ్రాములు మించకూడదు. అంటే 60 కిలోల మనిషికి రోజుకి 2.4 మైక్రోగ్రాములు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1997లో ఇలాంటి ఉత్పత్తులకి గ్రాముకి 1 మైక్రోగ్రాము హద్దు పెట్టింది. సరిగ్గా ఆ హద్దులో ఉన్న పొడిని మీరు రోజుకి 3 గ్రాములు తీసుకుంటే 3 మైక్రోగ్రాములు లోపలికి వెళ్లినట్టే, 2.4 దాటిపోయింది. అదే 20 కిలోల పిల్లాడైతే ఒక్క గ్రాముకే దాటేస్తాడు. పిల్లలకి పెట్టమంటారా అని అడిగినవాళ్లకి అందుకే వద్దన్నాను. సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలనూ నీళ్లలో ఉంటే ఇవి బాగానే పీల్చుకుంటాయి.

ఈ విషయంలో స్పైరులినాకి ఒక మెట్టు ఎక్కువ వేస్తాను. అది బాగా క్షారం ఉన్న నీళ్లలో పెరుగుతుంది, అందులో చాలా జీవులు బతకలేవు. క్లోరెల్లా పెరిగే మామూలు నీళ్లలో అయితే అడ్డమైనవన్నీ చేరతాయి. అలాగని హామీ ఏం కాదు, రిపోర్టు అడగాల్సిందే. నేనొక కంపెనీకి మీ బ్యాచ్ టెస్ట్ రిపోర్టు పంపండని మెయిల్ పెడితే "మాది 100 శాతం నేచురల్" అని జవాబొచ్చింది. మైక్రోసిస్టిన్ కూడా నేచురలే కదా! రెండోచోట అడిగితే లోహాలు, మైక్రోసిస్టిన్ విడివిడిగా చూపించే కాగితం వచ్చింది, దాని మీది బ్యాచ్ నంబరు డబ్బా అడుగున ఉన్న నంబరుతో సరిపోయింది. అదే కొన్నా.

సరదాకి రెండు మాత్రలు గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా వదిలేశా. పొద్దున చూస్తే నీళ్లు సిరా కలిపినట్టు నీలంగా ఉన్నాయి, పక్కనుంచి లైటు వేస్తే అదే నీలంలో ఎర్రటి జీర. అది ఫైకోసయనిన్ అనే రంగు, క్లోరెల్లాలో ఉండదు. లోపలున్నది స్పైరులినానే అని దీంతో తెలుస్తుంది గానీ శుభ్రమైనదో కాదో తెలీదు.

సరస్సుల్లోంచి తోడి అమ్మే 'బ్లూ గ్రీన్ ఆల్గే' అని ఇంకోటుంది, దాని జోలికి వెళ్లొద్దు, నేను పైన చెప్పిన భయం అక్కడ ఇంకా ఎక్కువ. గోధుమగడ్డి పొడి గురించి అడిగినవాళ్లకి: ఆకుకూర తినండి.

ఫినైల్‌కీటోన్యూరియా (ప్రొటీన్‌లోని ఫినైల్‌అలనిన్‌ని ఒళ్లు సరిగ్గా వాడుకోలేని పుట్టుజబ్బు) ఉన్నవాళ్లకి రెండూ పనికిరావు. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటివి, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బులు ఉన్నా, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నా డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లకి క్లోరెల్లాలోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డొస్తుంది. గర్భిణులు కూడా మానుకోవడమే నయం.

నేనిప్పుడు రోజుకి 2 గ్రాముల స్పైరులినా దగ్గర ఆగాను, చేపల వాసన భరించలేక పొడి మానేసి మాత్రలే. మొదలుపెట్టే ముందు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించా, మూడు నెలలయ్యాక మళ్లీ చేయిస్తా, అంకె కదలకపోతే రెండో డబ్బా కొనను.