నాన్నగారి ఎనిమిది బటన్లు: నాలుగేళ్లుగా లిబ్రేఆఫీస్ రైటర్

లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలూ వ్యాసాలూ రాసుకునే ప్రోగ్రాం రైటర్. అందులో నాకు ప్రాణమైన సంగతి ఒక్కటే. టూల్‌బార్‌ని, అంటే పైనుండే బటన్ల పట్టీని, మనకి కావలసినట్టు మనమే కట్టుకోవచ్చు, కట్టుకున్నదాన్ని మనం రాసే ఫైల్లోనే ఉంచుకోవచ్చు.

తెనాలిలో ఉండే నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు. శుక్లాల ఆపరేషన్ అయినా చిన్న గుర్తులు ఆనవు. తన బడిపంతులు రోజుల జ్ఞాపకాలు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరికతో తెలుగులో టైపు చేసుకుంటారు. టూల్స్ మెనూలో కస్టమైజ్ తెరిచి ఆయనకోసం ఎనిమిది బటన్లతో ఒక పట్టీ చేశాను. పేర్లు ఆయన్ని అడిగే పెట్టాను. సేవ్‌కి ‘దాచు’ అంటే, “కనబడకుండా దాచేస్తుందేమోరా” అన్నారు. అందుకే ‘భద్రం’. అన్‌డూ ‘వెనక్కి’ అయింది, ప్రింట్ ‘అచ్చు’ అయింది. మిగతా పట్టీలు తీసేశాను. అమ్మ కూడా అదే కంప్యూటర్లో ఉత్తరాలు రాస్తుంది కాబట్టి, ఆ పట్టీ ఎక్కడ ఉండాలో చెప్పే స్కోప్ అన్నచోట రైటర్ బదులు నాన్నగారి ఫైలు పేరు ఎంచాను.

పోయిన ఎండాకాలం కంప్యూటర్ పడుకుంది. బాగుచేసిన కుర్రాడు మొత్తం ఫార్మాట్ చేసి ఇచ్చాడు. రాత్రి తొమ్మిదికి ఫోన్. “ఒరే, నా భద్రం లేదురా.” ఆ గొంతు విని నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం ఆదివారం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే అలవాటు ఆయనది, రాసిందంతా ఉంది. మర్నాడు ఫోన్లోనే రైటర్ ఎక్కించి, ఆ ఫైలు తెరిపించి, వ్యూ మెనూలో టూల్‌బార్ల జాబితా చూడమన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, “ఉందిరా! వెనక్కి కూడా ఉంది!”

రైటర్ మామూలుగా భద్రపరిచే ఓడీటీ ఫైలంటే లోపల ఒక జిప్ మూట, అంటే చాలా ఫైళ్లు కలిపి కట్టిన ఒకే ఫైలు. రాతతోపాటు ఆ పట్టీ అమరిక కూడా ఆ మూటలోనే ఉంటుంది.

అంతా ఫైల్లోనే ఉంటుందని ఆ రోజు చుట్టాలందరికీ చెప్పేశాను. అంతా ఉండదు. గుర్తుల సైజు మళ్లీ చిన్నదైపోయింది, తీసేసిన పట్టీలు తిరిగొచ్చాయి. నేను పెట్టిన షార్ట్‌కట్ కీలు కంప్యూటర్లో లిబ్రేఆఫీస్ తన అమరికలు ఉంచుకునే ప్రొఫైల్ ఫోల్డర్లో ఉండేవి, దాంతోపాటే పోయాయి. కస్టమైజ్‌లోని కీబోర్డ్ ట్యాబ్‌లో సేవ్ నొక్కి వాటిని విడిగా ఉంచుకోవలసింది. బావగారు ఒకసారి డాక్ఎక్స్‌గా (మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైలుగా) మార్చిన కాపీలో పట్టీ కూడా లేదు.

నాన్నగారిది ఒకే ఫైలు, ఒకే పని, కాబట్టి మాకు కుదిరింది. రోజుకి పది ఫైళ్లు తెరిచేవాళ్లు స్కోప్‌లో రైటర్‌నే ఎంచుకుని, ప్రొఫైల్ ఫోల్డర్‌ని కాపీ చేసి పెట్టుకోవడం నయం. ఇప్పుడాయన తొమ్మిదో బటన్ కావాలంటున్నారు, పేజీ అంకెకి. ఈ ఆదివారం ఫోన్లో చెప్పి ఆయన చేతే పెట్టిస్తాను.