ఫజ్ పెడల్‌కు జెర్మేనియమా, సిలికానా? కర్నూలు ఎండను ఏది తట్టుకుంటుంది?

"అన్నా, ఫజ్ పెడల్‌లో ఏసీ128 వేయాలా, బీసీ108 వేయాలా?" అని పెడల్ కట్టే పిల్లలు చాలామంది అడుగుతున్నారు. ఫజ్ పెడల్ అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా, బొంగురుగా మార్చే కాలి డబ్బా. ఏసీ128 జెర్మేనియం ట్రాన్సిస్టర్, బీసీ108 సిలికాన్ ట్రాన్సిస్టర్. నేను రెండూ కట్టి, రెండూ స్టేజీ మీద వాయించాను. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్టే రెండింటికీ ఆధారం. మొదట జెర్మేనియంతో వచ్చింది, తర్వాత సిలికాన్‌కు మారింది.

శబ్దం వరకే అయితే నా ఓటు జెర్మేనియానికే. గిటార్ వాల్యూమ్ కొంచెం తగ్గించగానే ఫజ్ కరిగిపోయి తీగల శబ్దం తేటగా వినిపిస్తుంది. సిలికాన్‌లో గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) ఎక్కువ, ట్రెబుల్ గీరుకుంటుంది, వాల్యూమ్ తగ్గించినా అంత బాగా తేటపడదు.

కానీ మనం ఉండేది కర్నూల్లో. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజీ కరెంటు (అక్కర్లేకుండా కారిపోయే కరెంటు) దాదాపు ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. అంటే జనవరి పొద్దున 20 డిగ్రీల్లో ఉన్నది మే నెలలో 40 దాటేసరికి నాలుగింతలు. పాత రేడియో నుంచి తీసిన ఏసీ128ను మల్టీమీటర్‌లో గుచ్చి చలికాలం పొద్దున రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. వేళ్ల వేడికే గెయిన్ అంకె పెరుగుతూ పోతుంది. ఆ పెరిగేది అసలు గెయిన్ కాదు, లీకేజీ.

నా జెర్మేనియం పెడల్‌లో రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను (సిగ్నల్ బయటికి వచ్చే కాలు) జనవరిలో 4.5 వోల్టులకు సెట్ చేశాను. మే నెలలో ఒక పెళ్లి ఆర్కెస్ట్రాకు సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్. రేకుల షెడ్డు కింద ఇనుప డబ్బా కాలిపోతోంది. నోటు పట్టి ఉంచితే బుసబుసమని మధ్యలోనే తెగిపోతోంది. మీటరు పెడితే ఆ 4.5 కాస్తా 7 వోల్టులు దాటింది. గుండె ఆగినంత పనైంది. ఆ రోజు పెడల్ పక్కన పెట్టి ఆంప్‌తోనే లాగించాను. తర్వాత ఆ కలెక్టర్‌కు ఉన్న 8.2కె రెసిస్టర్ తీసేసి, స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చుకునే 20కె ట్రిమ్‌పాట్ వేశాను. పని చేస్తుంది కానీ, ఎండాకాలంలో ప్రతి ప్రోగ్రాం ముందూ స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. ఇంకోటి, ఏసీ128 పీఎన్‌పీ రకం కాబట్టి మామూలు సర్క్యూట్‌లో పాజిటివ్ గ్రౌండ్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు గ్రౌండ్‌కు కలుస్తుంది; మిగతా పెడల్స్‌లో మామూలుగా మైనస్ వైపు. మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్‌కు కలిపితే షార్ట్. విడిగా బ్యాటరీ తప్పదు.

సిలికాన్‌కు ఈ టెన్షన్ లేదు. గరుకుదనం తగ్గించడానికి నేను చేసినవి రెండే పనులు. ఒకటి, గెయిన్ తక్కువ ఉన్నవి ఎంచుకోవడం: మొదటి స్థానంలో బీసీ547ఎ, రెండో స్థానంలో బీసీ547బి. గెయిన్ ఎక్కువుండే సి రకం జోలికి పోకండి. బీసీ108 దొరికితే మంచిదే, కానీ కాళ్ల వరుస వేరు, చూసుకుని పెట్టండి. రెండోది, మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ బేస్‌కూ (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు) మధ్య 100 పికోఫారడ్ కెపాసిటర్. హిస్సు, మధ్యలో దూరే రేడియో స్టేషన్ రెండూ తగ్గాయి.

ఒకటి జెర్మేనియం, ఒకటి సిలికాన్ పెట్టే హైబ్రిడ్ పద్ధతీ ఉంది. వేడి బెడద కొంత తగ్గుతుందే గానీ పోదు.

ఏసీ గదిలో రికార్డింగ్ చేసుకునేవాళ్లు జెర్మేనియమే కట్టండి, ఆ శబ్దం మరోదానిలో రాదు. స్టేజీ ఎక్కేవాళ్లు బీసీ547 వేసుకోండి. నా బోర్డు మీద ఇప్పుడున్నది అదే. ఏసీ128 పెడల్ ఇంట్లో ఉంది, డిసెంబరులో బయటికి తీస్తాను.