టెక్సస్ జర్మన్లా, కాన్సస్ జర్మన్లా?

అమెరికాలోని ఈ రెండు రాష్ట్రాలకు వలసొచ్చిన జర్మన్లలో ఎవరి కథ గొప్పదంటే, సేద్యం వరకైతే నా ఓటు కాన్సస్‌కే, కానీ మనసు లాగేది మాత్రం టెక్సస్. 1846లో టెక్సస్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ అనే ఊరు కట్టుకున్నవాళ్లు నేరుగా జర్మనీ నుంచి ఓడెక్కినవాళ్లు. వాళ్లకు తలా ఊళ్లో ఒక స్థలం, ఊరి బయట 10 ఎకరాలు ఇచ్చారు. తర్వాత్తర్వాత దూరాన పొలాలు చేసుకున్నవాళ్లు, ఆదివారం చర్చికి, సరుకులకు వచ్చినప్పుడు దిగడానికి ఊళ్లో చిన్న ఇల్లు వేసుకున్నారు. దాన్నే సండే హౌస్ అంటారు: చాలావాటికి కింద ఒక గది, పైన అటక, అటకెక్కే మెట్లు గోడ బయటే!

1874లో కాన్సస్ చేరినవాళ్లు మెన్నొనైట్లు, అంటే ఆయుధం పట్టకూడదని నమ్మే ఒక క్రైస్తవ శాఖవాళ్లు. జర్మన్ మాట్లాడే వీళ్ల పూర్వీకులు ముందే రష్యాకు వలసపోయారు. అక్కడ సైన్యంలో చేరక తప్పదనేసరికి మళ్లీ మూటలు సర్దుకున్నారు. రైల్వే కంపెనీ దగ్గర భూమి కొని, వెంట తెచ్చిన టర్కీ రెడ్ గోధుమ చల్లారు. శరదృతువులో విత్తితే చలికాలమంతా తట్టుకుని ఎండాకాలానికి కోతకొచ్చే విత్తనమది.