మొగ దాటే పడవకు సముద్ర స్థితి సూచన: ఆరేళ్ల వాడకం తరువాత

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ గుండా ఫైబర్ పడవలో వేటకు వెళ్లే నేను, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ వెలువరించే సముద్ర స్థితి సూచనను, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధపు రోజులు మినహా, ఆరేళ్లుగా ప్రతి రాత్రీ చూస్తున్నాను. గాలి విషయంలో దానిమీద నాకు గట్టి నమ్మకం కుదిరింది. అలల అంకెలను చదవడం నేర్చుకోవడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

మొదట్లో అల ఎత్తు ఒక్కటే చూసేవాడిని. అక్కడ చూపేది అన్నిటికంటే పెద్ద అల ఎత్తు కాదు. పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు. 1.5 మీటర్లని ఉన్న రోజున దానికి ఇంచుమించు రెట్టింపు అల కూడా అప్పుడప్పుడు లేస్తుంది. ఇక రెండు అలల మధ్య ఎన్ని సెకన్లున్నాయన్నది నేను అసలు పట్టించుకోలేదు. లోతు నీటిలో 8 సెకన్ల అల సుమారు 100 మీటర్ల పొడవుంటే, 16 సెకన్ల అల 400 మీటర్ల పొడవుంటుంది. హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో పుట్టి రోజుల తరబడి ప్రయాణించి వచ్చే ఈ పొడవాటి అల, అంటే స్వెల్, నడిసముద్రంలో పడవకు తెలియనే తెలియదు. ఇసుక మేట మీదికి వచ్చాకే నిటారుగా లేచి విరుగుతుంది.

ఒక శ్రావణ శుద్ధ పాడ్యమి నాడు, 1.2 మీటర్లే కదా అని, పక్కనున్న 16 సెకన్లను చూడకుండా, రాత్రి రెండు గంటలకు పాటులో, అంటే నీరు సముద్రంలోకి తీసే వేళ, బయలుదేరాను. అమావాస్య వెళ్లిన మరునాడు కావడంతో, పైగా గోదారిలో వరద నీరు కూడా ఉండడంతో, ఏరు జోరుగా సముద్రంలోకి లాగుతోంది. ఆ లాగుడుకు ఎదురొచ్చిన అల మేట మీద గోడలా నిలబడింది. అణియం, అంటే పడవ ముందు కొస, పైకి లేచింది, ఫ్యాన్ నీటిలోంచి బయటపడి మోటారు ఒక్కసారిగా గీపెట్టింది, ఐసు పెట్టె మూత ఊడి నా మోకాలికి తగిలింది. వెనక కొసన అమరం దగ్గరున్న మా బాబాయి రెండు అలల మధ్య దొరికిన జాగాలో పడవను తిప్పి ఏట్లోకి తెచ్చారు. తెల్లవారాక, పోటు బాగా ఎక్కనిచ్చి ఏడు గంటలకు అదే మేట మీదుగా దాటాం. స్వెల్ తగ్గలేదు, లోతు మాత్రం పెరిగింది.

అది సూచన తప్పు కాదు. అందులోని అంకెలు బయటి సముద్రానివి, మొగలోని మేటవి కావు. పోటుపాటుల పట్టికలోని వేళలు కూడా రేవులకు చెందినవే గనుక, మా మొగలో నీరు తిరిగే వేళను నేను విడిగా పుస్తకంలో రాసుకుంటాను. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. తుఫాను రోజుల్లో ఈ లెక్కలేవీ చూడను. విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరికల కేంద్రం వెళ్లవద్దంటే పడవ ఒడ్డునే ఉంటుంది.

ఇప్పుడు ముందుగా సెకన్లు, తరువాత పోటు వేళ, ఆపైన గాలి, చివరగా ఎత్తు చూస్తున్నాను. 14 సెకన్లు దాటితే, సముద్రం ఎంత నునుపుగా కనిపించినా, పాటులో మొగ దాటడం లేదు.