వదులు కీళ్లకు ఏళ్ల తరబడి వాడిన వస్తువులు: రోజూ చేతికొచ్చేవి, అటకెక్కినవి

నా కీళ్లు మామూలు హద్దు దాటి వంగుతాయి. డాక్టర్లు దీన్ని జాయింట్ హైపర్‌మొబిలిటీ అంటారు. చిన్నప్పుడు బొటనవేలిని ముంజేతికి ఆనించి చూపిస్తే చుట్టూ ఉన్నవాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. పెద్దయ్యేకొద్దీ ఆ వదులుతనమే నొప్పి అయింది, సాయంత్రానికి కుర్చీలోంచి లేవనివ్వని నీరసం అయింది, పై అరలో డబ్బా అందుకోబోతే పక్కకు జారే భుజం అయింది. అప్పట్నుంచి చాలా వస్తువులు కొన్నాను, కొన్ని అలవాట్లు మార్చుకున్నాను. కొత్తలో ప్రతిదీ బాగానే అనిపిస్తుంది, కొన్నాళ్లు పోయాక మన ప్రమేయం లేకుండానే ఏది చేతికొస్తోందో చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. అందుకే ఏళ్లు గడిచినా నిలిచినవాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఒక మాట. కీళ్లు ఎక్కువగా వంగేవాళ్లందరికీ జబ్బున్నట్టు కాదు, జీవితమంతా ఏ నొప్పీ లేకుండా గడిపేవాళ్లు చాలామంది ఉంటారు. డాక్టర్లు మొదట చూసేది బైటన్ స్కోరు: చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగితే ఒక్కో చేతికి ఒక పాయింటు, బొటనవేలు ముంజేతికి ఆనితే ఒక్కోదానికి ఒకటి, మోచేతులు, మోకాళ్లు 10 డిగ్రీలకు మించి వెనక్కి పోతే ఒక్కోదానికి ఒకటి, మోకాళ్లు వంచకుండా అరచేతులు రెండూ నేలకు ఆనిస్తే ఇంకొకటి, మొత్తం 9. 2017లో వచ్చిన ప్రమాణాల ప్రకారం 50 ఏళ్ల లోపు పెద్దలకు 5, ఆ పైబడినవాళ్లకు 4 వస్తే ఒళ్లంతా వదులు కీళ్లని లెక్క. కానీ ఈ స్కోరులో భుజం లేదు, తుంటి లేదు, చీలమండ లేదు, దవడ లేదు. స్కోరు తక్కువొచ్చిందని మీ భుజం నొప్పిని ఎవరైనా కొట్టిపారేస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకుని మళ్లీ అడగండి. నొప్పి, తరచూ కీలు జారడం, తేలిగ్గా కమిలే చర్మం, నిలబడితే కళ్లు తిరగడం లాంటివి కలిసి ఉంటే రుమటాలజిస్టు (కీళ్ల జబ్బుల డాక్టరు) దగ్గరికి వెళ్లడం మంచిది. కీళ్లను, చర్మాన్ని పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బుల గుంపును ఎహ్లర్స్ డాన్‌లాస్ సిండ్రోమ్ అంటారు, అందులో కీళ్లు వదులుగా ఉండే హైపర్‌మొబైల్ రకాన్ని తేల్చే జన్యుపరీక్ష ఇంకా లేదు, ఒంటిని చూసి, చరిత్ర అడిగి, మిగతా జబ్బులు కావని తేల్చుకునే చెబుతారు.

ఇక వస్తువుల సంగతి. దేన్నైనా నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: ఇది నా కీలును చివరి అంచుదాకా పోకుండా ఆపుతోందా లేదా? మన కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోయిన ఎలాస్టిక్‌లా ఉంటాయి, దాంతో ఆ పనంతా కండరాలు మోయాల్సి వస్తుంది, రోజంతా మోసీ మోసీ అలిసిపోతాయి. పైగా చెయ్యి ఎక్కడుంది, కాలు ఎంత వంగింది అని లోపల్నుంచి తెలిసే స్పృహ కూడా చాలామందిలో తక్కువ, అందుకే మోకాలు వెనక్కి తన్నుకుని నిలబడ్డామన్న సంగతి నొప్పి పుట్టేదాకా తెలియదు. కీలు అంచుకు చేరే ముందే ఆపేవి నాకు పనికొచ్చాయి. నొప్పి వచ్చాక ఉపశమనం ఇస్తామనేవి పెద్దగా నిలవలేదు.

అన్నిటికన్నా ఎక్కువ మార్పు తెచ్చింది వేళ్లకు వేసుకునే రింగ్ స్ప్లింట్లు. ఎనిమిది అంకె ఆకారంలో రెండు చుట్లుంటాయి, వేలు మామూలుగా ముడుచుకోనిస్తాయి కానీ నడిమి కీలు వెనక్కి విరిగినట్టు వంగకుండా ఆపుతాయి. పెన్ను పట్టుకున్నా, బొత్తాం పెట్టుకున్నా, కీబోర్డు కొట్టినా నా చూపుడువేలు నడిమి కీలు లోపలికి కుంగిపోయేది, అది ఆగాక బొటనవేలి మొదట్లో నొప్పి కూడా తగ్గింది, వేలికొన నిలకడగా ఉంటే మిగతా చెయ్యి అంత గట్టిగా బిగించక్కర్లేదు కదా. ముందు ప్లాస్టిక్‌వి తీసుకోండి. మందంగా ఉండి పక్క వేలికి ఒరుసుకుంటాయి, నిజమే, కానీ ఏ వేలికి కావాలో, ఏ సైజు సరిపోతుందో వాటితోనే తెలుస్తుంది. కొలత ఉదయం ఒకసారి, సాయంత్రం వేళ్లు కాస్త ఉబ్బినప్పుడు ఒకసారి చూసుకోవాలి. సైజు కుదిరిందని నమ్మకం కలిగాక వెండివి చేయించుకున్నాను. పల్చగా ఉంటాయి, సబ్బుతో కడిగినా ఏమీ కాదు, చూసేవాళ్లు ఉంగరాలే అనుకుంటారు. మళ్లీ కొనాల్సి వస్తే ఆలోచించకుండా కొంటాను. కుదిరితే ఆక్యుపేషనల్ థెరపిస్టుతో (రోజువారీ పనులు సులువుగా చేసుకోవడం నేర్పే నిపుణులు) కొలిపించుకోండి, బిగుతైతే వేలు మొద్దుబారుతుంది.

రాయడానికి లావు పెన్ను. సన్నటి బాల్ పెన్ను పట్టుకుంటే వేళ్లు బిగించక తప్పదు, కాగితం మీద నొక్కక తప్పదు. లావుపాటి జెల్ పెన్ను అయితే ఇంకు దానంతటదే జారుతుంది, నొక్కే పని ఉండదు. పెన్నును చూపుడువేలికీ మధ్యవేలికీ సందులో ఇరికించి రాసే పద్ధతి ఒకటుంది, చూడ్డానికి వింతగా ఉంటుంది కానీ బొటనవేలి మీద భారం బాగా తగ్గిస్తుంది, పరీక్షలు రాసే పిల్లలకు తప్పకుండా నేర్పించండి. పెన్నుకు తొడిగే మూడు పలకల రబ్బరు గ్రిప్పులు మాత్రం నాకు నచ్చలేదు, వేళ్లను వాటి ఆకారంలోనే పెట్టమంటాయి, నా వేళ్లు అక్కడ నిలవవు.

వంటింట్లో నియమం సులువు: చిన్న కీలు చేసే పనిని పెద్ద కీలుకు అప్పగించడం. గిన్నెను వేళ్లతో ఎత్తకుండా రెండు అరచేతుల మీద మోయడం, సొరుగును వేలితో కాకుండా ముంజేతితో లాగడం, తలుపును భుజంతో కాకుండా తుంటితో నెట్టడం. సీసా మూతలకు రబ్బరు మ్యాట్ చాలు, అది పెట్టి అరచేతితో తిప్పితే వచ్చేస్తుంది. బ్యాటరీతో మూత తీసే యంత్రం కూడా కొన్నాను, బరువెక్కువ, దాన్ని ఎత్తి సీసా మీద పెట్టడమే మణికట్టుకు కష్టం, ఇప్పుడు అటక మీదుంది. కత్తి విషయంలో మాత్రం ఖర్చుకు వెనకాడొద్దు, పిడి నిలువుగా ఉండి రంపంలా పట్టుకునే కత్తులుంటాయి, మణికట్టు పక్కకు వంగకుండా నిటారుగా ఉంటుంది, ఒక్కవారంలో తేడా తెలిసింది. కూర్చుని కోసుకోవడానికి ఎత్తు స్టూలు కూడా ఆ కత్తితో సమానంగా పనికొచ్చింది. కుళాయిలకు, తలుపులకు గుండ్రటి పిడుల బదులు కిందికి నొక్కే పిడి పెట్టించుకోగలిగితే పెట్టించుకోండి, మోచేత్తో కూడా తెరవొచ్చు.

ఫోను గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కానీ నా చిటికెన వేలిని ఎక్కువగా పాడుచేసింది అదే. బరువంతా కింద ఆ వేలి మీద మోపి, బొటనవేలిని తెర చివరిదాకా సాగదీస్తాం. వెనక అతికించే రింగు కన్నా బల్ల మీద పెట్టే స్టాండు మేలు, దానికన్నా మాటతో టైప్ చేయడం మేలు. ఇది కూడా చాలావరకు చెప్పి రాసిందే. కంప్యూటరుకు నిలువు మౌసు కుదిరింది, తేలిగ్గా నొక్కుకునే మీటల కీబోర్డు ఇంకా బాగా కుదిరింది.

సంచి ఒక భుజానికి వేసుకోవడం పూర్తిగా మానేశాను. రెండు పట్టీలు, ఛాతీ దగ్గర క్లిప్పు, నడుముకు బెల్టు ఉన్న బ్యాగు, బరువెక్కువైతే చక్రాల సంచి, అంతే.

నీక్యాపులు, బెల్టులు, మణికట్టు పట్టీల గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మెత్తటి నీక్యాప్ మోకాలిని వెనక్కి పోకుండా ఆపదు, ఆపేంత బలం దానికి లేదు. కానీ చర్మాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి మోకాలు ఎక్కడుందో నాకు తెలుస్తుంది, వెనక్కి తన్నుకోబోతుంటే నేనే సర్దుకుంటాను. ఈ లెక్కన చూస్తే అది మంచి వస్తువు, గట్టిగా పట్టి ఆపుతుందని కొంటే నిరాశే. ఇనుప పుల్లలున్న గట్టి బ్రేసు ఎక్కువసేపు నిలబడాల్సిన రోజుల్లో, కీలు జారి మానుతున్న రోజుల్లో వాడతాను. రోజంతా, ప్రతిరోజూ వేసుకుంటే కండరం పని మానేసి ఇంకా బలహీనపడుతుందని ఫిజియోథెరపిస్టు మొదట్లోనే చెప్పారు. అంటుకునే టేపు భుజానికి బాగా పనిచేస్తుంది, కానీ మనలో చాలామంది చర్మం పల్చన, తీసేటప్పుడు ఊడొస్తుంది. ముందు చిన్న ముక్క ఒకరోజు అతికించి చూడండి, తీసేటప్పుడు నూనె రాసి, టేపును పైకి లాగకుండా చర్మాన్ని కిందికి నొక్కుతూ తీయండి.

చెప్పుల్లో మడమ చుట్టూ గట్టి గోడ ఉన్నవే నాకు సరిపడ్డాయి. మెత్తగా కుంగిపోయే అరికాలు తొడిగిన మొదటి నిమిషం హాయిగా ఉంటుంది, సాయంత్రానికి చీలమండ అటూ ఇటూ ఒరిగి తుంటిదాకా నొప్పి. లోపల పెట్టే ఇన్‌సోల్ మంచిదే, పాదం లోపలికి వాలిపోయే వాళ్లకు మరీ మంచిది, కొన్నాళ్లకు అరిగి పల్చబడుతుంది, మార్చుకుంటూ ఉండాలి.

నిద్ర. పడుకున్నప్పుడు కండరాలు వదులైపోతాయి, కీళ్లు వాటి ఇష్టం వచ్చినట్టు వేలాడతాయి, పొద్దున లేచేసరికి భుజం గూడులోంచి సగం బయటికి వచ్చినట్టుంటుంది. పొడవాటి దిండు దీనికి మందు. పక్కకు తిరిగి పడుకుని దాన్ని కౌగిలించుకుంటే పైచెయ్యి దాని మీద ఆనుతుంది, పై మోకాలు దాని మీద ఆనుతుంది, తుంటి మెలిపడదు. ప్రయాణాల్లో చుట్టిన దుప్పటి ఆ పని చేస్తుంది. మెత్తటి పరుపు వద్దు, మరీ గట్టిదీ వద్దు, గట్టిదాని మీద పల్చటి మెత్తటి పొర నాకు సరిపోయింది.

స్నానానికి స్టూలు వేసుకోవడానికి చాలామంది మొహమాటపడతారు, ముసలివాళ్ల వస్తువని. వేడినీళ్లకు రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, వదులు కీళ్లున్నవాళ్లలో కొందరికి నిలబడగానే గుండె దడదడలాడే పాట్స్ కూడా ఉంటుంది, పెద్దవాళ్లలో లేచి నిలబడిన 10 నిమిషాల్లోపు గుండెవేగం నిమిషానికి 30 సార్లో అంతకన్నా ఎక్కువో పెరిగి, బీపీ పడిపోకుండా ఉంటే డాక్టర్లు దాన్ని అనుమానిస్తారు. ఈ రెండూ కలిస్తే స్నానాలగదిలోనే కళ్లు బైర్లు కమ్ముతాయి. స్టూలు వేసుకోండి. నీళ్లు, ఉప్పు పెంచమని కొందరికి చెబుతారు, అది మాత్రం మీ డాక్టరు చెబితేనే, బీపీ, కిడ్నీ సంగతి చూసుకోకుండా సొంతంగా మొదలుపెట్టొద్దు.

వస్తువులన్నీ ఒక ఎత్తు, కండరం ఇంకో ఎత్తు. రబ్బరు బ్యాండు, గోడ, నేల, ఈ మూడింటితోనే నా వ్యాయామం నడుస్తోంది. కీలు కదలకుండా కండరాన్ని బిగించి పట్టి ఉంచేవి, మోకాలు పూర్తిగా చాపకుండా కాస్త వంచి ఆపేవి. ఇది చాలా నెమ్మదిగా ఫలిస్తుంది, మానేస్తే మాత్రం త్వరగా పోతుంది. అద్దం ముందు చేస్తే మోచెయ్యి వెనక్కి పోతోందో లేదో కంటితో చూసుకోవచ్చు. ఒళ్లు బిగుసుకుపోయినట్టుందని బలంగా సాగదీయాలనిపిస్తుంది, ఆ క్షణం హాయిగా కూడా ఉంటుంది, కానీ కీలును కాపాడడానికే కండరం బిగిసి ఉంటుంది, దాన్ని సాగదీస్తే మర్నాడు నొప్పి రెట్టింపు. వేడి కాపడం పెట్టి వదిలేయడం మంచిది. ఇంకో సంగతి, బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ మీదేసుకోవద్దు. నేను టైమర్ పెట్టుకుని, ఇంకా ఓపిక ఉండగానే ఆపేస్తాను. ఇంట్లోవాళ్లకు ఇది అర్థమవడానికి సమయం పట్టింది, పైకి ఏమీ కనిపించదు కదా. నిన్న బరువెత్తినవాళ్లు ఇవాళ సీసా మూత తీయలేకపోవడం నిజంగానే జరుగుతుంది, నటన కాదు. ఈ మాట మీ ఇంట్లో చెప్పాల్సి వస్తే ఎన్నిసార్లైనా చెప్పండి.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. మనలో కొందరికి మొద్దుబారడానికి ఇచ్చే ఇంజెక్షన్ సరిగా పట్టదు, పట్టినా త్వరగా దిగిపోతుంది, కాబట్టి పని మొదలుపెట్టే ముందు తిమ్మిరి ఎక్కిందో లేదో చూడమని అడగండి. రెండోది, నోరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే దవడ జారే ప్రమాదం ఉంది. పళ్ల మధ్య పెట్టే రబ్బరు దిమ్మ వాళ్ల దగ్గర ఉంటుంది, అది పెట్టమనండి, మధ్యమధ్య నోరు మూసుకునే విరామం కావాలనండి, చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. మెడ కింద చుట్టిన తువ్వాలు నేనే తీసుకెళ్తాను.