ఆరేళ్ల బాక్స్‌స్టర్: నల్గొండ రోడ్ల మీద ఏ ఆప్షన్ అక్కరకొచ్చింది

2014 మోడల్ పోర్షె బాక్స్‌స్టర్ స్పోర్ట్స్ కారును 2019 జనవరిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2.7 లీటర్ల ఇంజిన్, 265 హార్స్‌పవర్, పైన మడతపడే గుడ్డ టాప్. ఆరేళ్లలో 31 వేల కిలోమీటర్లు తిప్పాను, అందులో ముప్పాతిక వంతు నల్గొండ జిల్లాలోనే. ఇంజిన్ మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు, ప్రతి రోజూ ప్రేమగా నడుపుతున్నాను. ఆప్షన్లు చూసుకోవడంలోనే పొరపాటు చేశాను. అందుకే ఇక్కడ వాటి గురించే రాస్తున్నాను.

అప్పుడు నా ముందు రెండు బండ్లున్నాయి. హైదరాబాద్‌లోది ఎర్రది. 20 అంగుళాల రిమ్ములు, రోడ్డును బట్టి గట్టిదనం తానే మార్చుకునే పాస్మ్ సస్పెన్షన్, బండిని ఇంకా చురుగ్గా స్పందించేలా చేసే స్పోర్ట్ క్రోనో, బోస్ స్పీకర్లు. బెంగళూరులోది తెల్లది, 18 అంగుళాల రిమ్ములు, చల్లగాలి సీట్లు, ఇంకేమీ పెద్దగా లేవు. ధర మూడు లక్షలు తక్కువ. దాన్ని తెస్తే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆర్టీఏ చుట్టూ తిరుగుడు. ఇటు హైదరాబాద్‌లో అమ్మే ఆయనేమో ‘ఫుల్లీ లోడెడ్ సార్’ అని పదిసార్లు అన్నాడు. ఎర్రది తీసుకున్నాను.

మొదటి దెబ్బ రిమ్ములతోనే తగిలింది. 20 అంగుళాల రిమ్ము మీద ముందు టైరు సైజు 235/35. అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండే రబ్బరు అందులో 35 శాతం, 82 మిల్లీమీటర్లు, నాలుగు వేళ్లు పెడితే అయిపోతుంది. అదే 18 అంగుళాలకు 235/45 వస్తుంది, దాదాపు 106 మిల్లీమీటర్లు. షోరూంలో చూస్తే పెద్ద రిమ్ములే అందం. ఆ ఏడాది వానాకాలంలో సాగర్ నుంచి తిరిగొస్తుంటే, హాలియా దాటాక నీళ్లు నిండిన గుంతలో ముందు ఎడమ చక్రం దబ్బున పడింది. దిగి ఫోన్ లైట్ వేసి చూస్తే టైరు పక్కన నిమ్మకాయంత బుడగ. పంక్చర్ షాపు తమ్ముడు బొటనవేలితో నొక్కి చూసి, ‘ఇది అతుకేస్తే ఆగేది కాదు సార్, టైరు మార్చుడే’ అన్నాడు. ఈ కారులో స్టెప్నీ ఉండదు, సీలెంట్ సీసా, చిన్న కంప్రెసర్ ఇస్తారు. మేకు గుచ్చుకుంటే సీలెంట్ ఆదుకుంటుంది గానీ టైరు పక్కగోడకు దెబ్బ తగిలితే ఏమీ చేయలేదు. వెనక టైరు తీసి ముందు వేద్దామన్నా కుదరదు, వెనకవి 265 వెడల్పు. ఆ సైజు టైరు నల్గొండలో దొరకలేదు. హైదరాబాద్ నుంచి తెప్పించేదాకా నాలుగు రోజులు బండి ఆ షాపు ముందే ఉంది. మరుసటి ఏడాది ఇంకో రిమ్ము వంగింది. అప్పుడు వాడిన 18 అంగుళాల సెట్టు వెతికి కొన్నాను. ఆ తర్వాత ఒక్క టైరూ పగల్లేదు, నడుం నొప్పి కూడా తగ్గింది.

పాస్మ్ మంచి సస్పెన్షనే, 65వ నంబరు హైవే మీద దాని విలువ తెలుస్తుంది. కానీ మామూలు సస్పెన్షన్ కంటే బండిని 10 మిల్లీమీటర్లు కిందికి దించుతుంది. కోతల కాలంలో మా రోడ్ల మీద సగం దూరం వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. లారీ ఎదురొస్తే మట్టిలోకి దిగాల్సిందే. అలాంటప్పుడు ఆ 10 మిల్లీమీటర్లు కూడా లెక్కలోకి వస్తాయి. ముందు బంపర్ కింద గీతలు పడింది అక్కడే.

ఇక సీట్లు. చూపించేటప్పుడు ‘వేడి, చల్లగాలి రెండూ ఉన్నాయి సార్’ అని సీటు బటన్ చూపించాడు. జనవరిలో కొన్నాను కాబట్టి చల్లగాలి నొక్కి చూడాలనే ఆలోచనే రాలేదు. మార్చి చివర్లో చూస్తే ఉన్నది వేడి ఒక్కటే. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు నల్ల తోలు సీటు మీద కూర్చుని బయల్దేరితే, నార్కట్‌పల్లి వచ్చేసరికి ఏసీ ఉన్నా చొక్కా వీపుకు అతుక్కుంటుంది. తర్వాత బిగించుకోవచ్చా అని అడిగితే సీట్లు, వైరింగ్, స్విచ్చులు అన్నీ మార్చాలన్నారు, వదిలేశాను. ఈ ఒక్క ఆప్షన్ కోసం బెంగళూరు దాకా వెళ్లాల్సింది, ఇప్పటికీ బాధ ఉంది.

ఆ మోసం తప్పించుకోవడం నిజానికి చాలా సులువు. బండి ముందువైపు ఉండే డిక్కీ మూత లోపలి వైపు, సర్వీస్ పుస్తకంలో ఒక స్టిక్కర్ ఉంటుంది. ఫ్యాక్టరీలో ఏమేం బిగించారో దాని మీద నంబర్లలో రాసి ఉంటుంది. 475 అంటే పాస్మ్, 640 అంటే స్పోర్ట్ క్రోనో, 342 వేడి సీట్లు, 541 చల్లగాలి సీట్లు. నా స్టిక్కర్ మీద 541 లేదు. అమ్మేవాళ్ల మాట వినే ముందు ఆ మూత ఎత్తి చదవండి. కొత్తలో ఆప్షన్‌కు ఎంత పెట్టారన్నది మనకు అనవసరం, ఆ డబ్బు మొదటి ఓనరుతోనే పోయింది.

స్పోర్ట్ క్రోనోను ఆరేళ్లలో పట్టుమని పదిసార్లు వాడలేదు. టాప్ తీసి 80లో వెళ్తుంటే బోస్‌కూ మామూలు స్పీకర్లకూ నాకు తేడా తెలియలేదు. వెనక సెన్సార్లు మాత్రం తప్పనిసరి, టాప్ మూస్తే వెనక అద్దంలో కనిపించేది చాలా తక్కువ.

వేడి సీట్లు నల్గొండలో ఎందుకని మొదట్లో అనుకున్నాను. కానీ ఇక్కడ టాప్ తీసి హాయిగా తిరగగలిగేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, అదీ తెల్లవారుజామునే. అయిదున్నరకు కనగల్ దాటి సాగర్ వైపు వెళ్తుంటే చలికి చెవులు జివ్వుమంటాయి, నడుం మాత్రం వెచ్చగా ఉంటుంది. సీట్ల వెనక నిలబెట్టే గాలి అడ్డు పలక ఉంటే మెడ మీదికి గాలి కొట్టదు. అది తర్వాత కూడా బిగించుకోవచ్చు, నేను అలాగే చేశాను. బత్తాయి తోటలు పూతకొచ్చే రోజుల్లో 50 లోపు వేగంలో బటన్ నొక్కితే, తొమ్మిది సెకన్లలో టాప్ వెనక్కి పోయి ఆ వాసనంతా కారులోకి వస్తుంది. నేను ఈ బండి ఇంకా అమ్మకపోవడానికి కారణం అదే.

గుడ్డ టాప్‌కు మాత్రం షెడ్డు కావాలి. మా వీధిలో కోతులు ఎక్కువ. ఒకసారి పెద్ద కోతి పైకెక్కి కూర్చుని కుట్టు దగ్గర గీకింది, దారాలు లేచాయి. వేపచెట్టు కింద పెడితే ఆకులు టాప్ మడత సందుల్లోని నీటి దారులకు అడ్డుపడతాయి. ఒక వానకు నా సీటు కింద కార్పెట్ తడిసింది. అప్పటినుంచి మే ఆఖరులో, వానలకు ముందే, ఆకులన్నీ తీసి చెంబుతో నీళ్లు పోసి అవి కిందికి దిగుతున్నాయో లేదో చూసుకుంటున్నాను.